చెరకు పిప్పితో దీపము: మారిషస్ ద్వీపము చెప్పు పాఠము



నేడు నేనొక చిన్న ద్వీపమును గూర్చియు, ఆ ద్వీపవాసులు తమ యిండ్లలో దీపములను దేనితో వెలిగించుకొనుచున్నారను విషయమును గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచినాను. ఓబులదేవరచెరువులో రచ్చబండమీద కూర్చున్న మనకు సముద్రమధ్యమున నున్న దీవితో నేమి పనియని మీలో కొందరికి తోపవచ్చును. పని గలదు. ఆ దీవి కథ మన బెల్లపు గానుగయొద్దనే ఆరంభమగుచున్నది గనుక నేనును అచ్చటినుండియే మొదలిడెదను.

నా బాల్యమున చెరువులు నిండిన యేడు మా ప్రాంతపు రైతులు ఆయకట్టులో కొంత చెరకు నాటెడివారు. చెరకు పక్వమైన దినములలో గానుగ ఆడుచుండగా మా పిల్లలకు అదియే తిరునాళ్ల. రసము పెనములోనికి పోవును. పిప్పిని కళ్లములో పలుచగా పరచి యెండబెట్టుదురు. ఎండిన పిప్పిని పెనము క్రింది పొయ్యిలోనికి ఒకడు ఎగదోయుచునే యుండును. ఒకనాడు నేను పొయ్యియొద్ద కూర్చున్న తాతను “తాతా, ఇన్ని కట్టె లెక్కడినుండి తెచ్చుదురు?” అని యడిగితిని. ఆయన నవ్వి, “కట్టె లెందుకు నాయనా? పైరు మనదైతే పొయ్యికి అప్పుండదు” అనెను. రసమిచ్చిన చెరకే ఆ రసమును కాచుటకు నిప్పును గూడ ఇచ్చుచున్నదని నా కప్పుడు తెలిసినది. ఆ తాత మాటయే నేటి నా ప్రసంగమునకు మూలసూత్రము.

ఇక ద్వీపమునకు పోవుదము. దాని పేరు మారిషస్. ఆఫ్రికా ఖండమునకు తూర్పున మడగాస్కరు అను పెద్ద దీవి గలదు. దానికిని ఆవల, హిందూ మహాసముద్రములో నున్నదీ చిన్న దీవి. దాని వైశాల్యము 1,865 చదరపు కిలోమీటర్లు. 2022లో విభజింపబడుటకు పూర్వము మన అనంతపురము జిల్లా 19,000 చదరపు కిలోమీటర్లకు పైబడి యుండెను. ఆ పాత జిల్లాలో పదియవ వంతు నేలమీద 12 లక్షలకు పైగా జనులు కాపురముండుటను ఊహించుకొనుడు. అదియే మారిషస్.

ఆ జనులలో మన తెలుగువారు గలరు. 1835లో అచ్చట బానిసత్వము రద్దుకాగా, చెరకు తోటల యజమానులు కూలీలకొరకు మన దేశమువైపు చూచిరి. 1834 మొదలు 20వ శతాబ్దపు తొలినాళ్లవరకు ఇంచుమించు 5 లక్షలమంది ఒప్పందపు కూలీలు ఓడలలో ఆ రేవున దిగిరి. వారు దిగిన మెట్లు నేటికిని నిలిచి యున్నవి. ‘ఆప్రవాసి ఘాట్’ అను పేర వానిని 2006లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. కాకినాడకు చేరువనున్న కోరంగి రేవునుండి ఓడ యెక్కినందున తెలుగువారికి అచ్చట ‘కోరంగీలు’ అను పేరు వచ్చినది. అచ్చట ఉగాది ప్రభుత్వ సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినదియు ఆ దీవిలోనే. వారి పూర్వులు చెమటోడ్చి పెంచిన పైరు చెరకు. నేడు ఆ పైరే వారి యిండ్లలో కొంత దీపమగుచున్నది.

ద్వీపమునకు విద్యుచ్ఛక్తి యనునది మనకువలె సులభమైన వస్తువు కాదు. మన యూరిలో కరెంటు కొరవడిన, మరియొక జిల్లానుండియో, పొరుగు రాష్ట్రమునుండియో తీగలమీద తెచ్చుకొందుము. నడిసముద్రములో నున్నవారికి పొరుగు తీగ లేదు. మారిషస్ నేలలో రాక్షసిబొగ్గు లేదు, చమురు లేదు, సహజవాయువును లేదు. కావలసిన ప్రతి బొగ్గు పెళ్లయు, ప్రతి చమురు చుక్కయు ఓడమీద రావలసినదే. ప్రపంచపు అంగడిలో చమురు ధర పెరిగిననాడు ఆ దీవిలో బట్టలకొట్టువాని మొదలు రొట్టెలు చేయువానివరకు అందరి కొలువులును తల్లక్రిందులగును. పరుల పొయ్యిమీద వంట చేసికొను సంసారము వంటిది వారిది.

వాననీటితో తిరుగు యంత్రములు వారికి గలవు. వానిలో పెద్దది 1984లో పనికి వచ్చిన 30 మెగావాట్ల షాంపేన్ కేంద్రము. కాని చిన్న దీవిలో చిన్న యేళ్లే పారును. ఆనకట్ట కట్టదగిన చోట్లన్నియు ఇంచుమించుగా కట్టుట యైపోయినది. కావున వారు తమ పైరువైపు చూచిరి.

చెరకు పిప్పినుండి విద్యుత్తు పుట్టు విధమును చెప్పెదను. ఒక టన్ను చెరకును ఆడించిన ఇంచుమించు 300 కిలోల పిప్పి మిగులును. అందులో సగము తడి. ఆ పిప్పిని పెద్ద కొలిమిలో కాల్చి, దానిమీద నున్న బాయిలరులో నీటిని ఆవిరి చేయుదురు. ఆవిరి బలముగా వెలువడి రెక్కల చక్రమును త్రిప్పును. ఆ చక్రమునకు తగిలించిన విద్యుద్యంత్రము తిరిగి కరెంటు పుట్టును. చక్రమును త్రిప్పి బలము తగ్గిన ఆవిరి వృథా పోదు. అది రసమును కాచుటకు పోవును. ఒకే ఆవిరి రెండు కొలువులు చేయును. మన గానుగ పొయ్యికిని దీనికిని భేద మొక్కటే: మన పొయ్యి పాకముతో తృప్తిపడినది, వారి పొయ్యి పాకమునకు ముందు చక్రమును గూడ త్రిప్పినది.

ఇందులో ఒక మెలకువ గలదు. పూర్వకాలపు చక్కెర మిల్లులలో ఆవిరి ఒత్తిడి తక్కువ. సామాన్యమైన గాలి యొత్తిడికి 20 రెట్లు మాత్రమే యుండెడిది. అంతతో మిల్లు నడుచుటకు సరిపోవును, బయటి కిచ్చుటకు స్వల్పముగా మిగులును. 1957లో సెయింట్ ఆంట్వాన్ అను మిల్లు మొదటిసారిగా తనకు మిగిలిన కొద్దిపాటి కరెంటును ఊరి తీగలకు ఇచ్చినది. అటుపిమ్మట బాయిలరులు బలపడినవి. 2000లో బెల్ వ్యూ అను చోట నెలకొల్పిన 70 మెగావాట్ల కేంద్రములో ఆవిరి యొత్తిడి 82 రెట్లు. అట్టి యంత్రములతో ఒక్క టన్ను చెరకునుండి మిల్లు ఖర్చు పోను 100 యూనిట్లకు పైగా బయటి కియ్యవచ్చును. అది సామాన్యమైన ఒక చిన్న యింటికి ఇంచుమించు ఒక నెల వెలుతురు.

మరి పిప్పిని కాల్చినను పొగ రాదా, ఆకాశము చెడదా యని మీ రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. పిప్పిని కాల్చినపుడును బొగ్గుపులుసు వాయువు పుట్టును. కాని ఆ వాయువును చెరకు తాను పెరుగునపుడు ఆకాశమునుండియే పీల్చుకొన్నది. మరుసటి పైరు మరల పీల్చుకొనును. ఇది ఇంటిలో చేబదులు వంటిది; తీసికొన్నది తిరిగి యిచ్చుచుందురు. రాక్షసిబొగ్గు అట్లు కాదు. అది కోట్ల యేండ్లుగా భూగర్భములో దాగియున్న అంగారము. త్రవ్వి కాల్చిన, తిరిగి లోనికి పోవు దారి లేదు. ఆ వాయువు పెరిగినకొలది భూమి వేడెక్కును, సముద్రము పొంగును, తుపానులు బలపడును. ఒడ్డున ఇండ్లు కట్టుకొన్న ద్వీపవాసికి ఇది పుస్తకములలోని మాట కాదు, తన గడపయొద్దకు వచ్చిన నీరు.

ఇంతవరకు విన్నవారు “సమస్య తీరినదిగదా” యనుకొందురు. తీరలేదు. ఇచ్చటనే అసలు చిక్కు గలదు.

చెరకు కోత అచ్చట జూన్ మాసమున మొదలై డిసెంబరుతో ముగియును. ఆ నెలలలో పిప్పి గుట్టలు గుట్టలుగా నుండును. జనవరినుండి మేవరకు కోత లేదు, పిప్పి లేదు. దీపము మాత్రము సంవత్సరమంతయు కావలెను. పిప్పిని నిలువ చేయుదమన్న అది దూదివలె ఎడము పట్టును, తడిసిన పులియును, ఎండిన నిప్పంటుకొనును. కోట్ల ధనము పోసి కట్టిన బాయిలరును అయిదు నెలలు ఖాళీగా నుంచుట ఎట్లు? అందుచేత 1980ల దశకమునుండి ఒకే బాయిలరులో పిప్పియు బొగ్గును రెండును కాల్చు ఏర్పాటు చేసిరి. కోతకాలమున పిప్పి, కోత లేనపుడు దక్షిణాఫ్రికానుండి ఓడమీద వచ్చు బొగ్గు.

ఆలోచింపుడు. ఇంటి పైరుతో పొయ్యి వెలిగింపవలెనని కట్టిన కట్టడమే పరాయి బొగ్గునకు వాకిలి యైనది. కాలక్రమమున ఆ దీవి కరెంటులో బొగ్గు పాలు పిప్పి పాలును మించి పోయినది. ఇటీవలి సంవత్సరములలో లెక్క చూచిన, పిప్పి, నీరు, ఎండ, గాలి అన్నియు కలిసి మొత్తము కరెంటులో అయిదవ వంతునకు అటునిటుగా నున్నవి. తక్కినదంతయు బొగ్గు, చమురు. మారిషస్ వారి పిప్పి విద్యుత్తును ప్రపంచమంతయు మెచ్చుకొన్నది. ఆ మెప్పు తగినదే. కాని మెచ్చుకొనువారు సంవత్సరములో ఏడు నెలలనే చూచిరి. మిగిలిన అయిదు నెలలను గూర్చి యడుగలేదు.

రెండవ చిక్కు ఇంకను లోతైనది. అది పొలములో నున్నది, మన మనస్సునకు దగ్గరగా నున్నది.

19వ శతాబ్దపు చివరి భాగమున పెద్ద తోటల యజమానులు కష్టములలో పడి, అంచు భూములను ముక్కలుగా అమ్మిరి. కూలికి వచ్చినవారి సంతతి రూపాయి రూపాయి కూడబెట్టి ఆ ముక్కలను కొనెను. ఒకడు అర ఎకరము, ఒకడు రెండెకరములు. ఇట్లు చిన్న చెరకు రైతు అను వర్గము పుట్టినది. 1975నుండి ఐరోపా వారు ఒక ఒప్పందము ప్రకారము సంవత్సరమునకు 5 లక్షల టన్నుల చక్కెరను మంచి ధరకు కొనుచుండిరి. ఆ ధరయే ఆ దీవికి వెన్నెముక. 2006 మొదలు నాలుగేండ్లలో ఐరోపా వారు ఆ ధరను 36 పాళ్లు తగ్గించిరి. ఒప్పందము 2009లో ముగిసినది. చిన్న రైతునకు కూలి ఖర్చు గిట్టలేదు. కొడుకు పట్టణమున కొలువునకు పోయెను, కూతురు బట్టల మిల్లునకు పోయెను, ముసలి తండ్రి ఒంటరిగా చెరకు నరుకలేకపోయెను. పొలము బీడుపడెను. ఒకప్పుడు 6 లక్షల టన్నులు దాటిన చక్కెర ఉత్పత్తి ఇటీవల రెండున్నర లక్షల టన్నులకు అటునిటుగా పడిపోయినది. 200లకు పైబడిన మిల్లులు పూర్వముండగా నేడు మూడే మిగిలినవి.

ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము. ఒక ఎకరమున ఇంచుమించు 30 టన్నుల చెరకు పండిన 9 టన్నుల పిప్పి వచ్చును. తడి పిప్పి మూడు టన్నుల పైచిలుకు ఒక టన్ను మంచి బొగ్గుతో సమానము. అనగా ఒక ఎకరపు చెరకులో రెండు మూడు టన్నుల బొగ్గుచేయు వేడి గలదు. కొంత మిల్లునకే పోయినను, ఒక రైతు తన యెకరమును బీడుపెట్టిన ప్రతి సంవత్సరము టన్నులకొలది బొగ్గు అదనముగా ఓడ నెక్కవలెను. రైతు పొలము వదలుట అతని సొంత విషయముగా కనబడును. కాని దీపములు వెలుగు ప్రతి యింటికిని అందులో పాలున్నది.

అందుచేతనే “పిప్పి ఎవరిది?” అను వాదము ఆ దీవిలో బహుకాలముగా నడచుచున్నది. చెరకును మిల్లునకు తోలిన రైతు చక్కెరలో తన పాలు తీసికొనును. పిప్పి మిల్లు ముంగిటనే మిగిలిపోవును. అది వట్టి చెత్తయైనంతకాలము ఎవ్వరును అడుగలేదు. దానినుండి కరెంటు పుట్టి, కరెంటు అమ్ముడుపోయి, రూపాయలు రాలునపుడు రైతు అడుగడా? అడిగెను. 1985లో పిప్పికి ధర కట్టి రైతులకు కొంత యిచ్చుటకై ఒక నిధి నేర్పరచిరి. 1994లో చక్కెర పెట్టుబడి ట్రస్టు అనుదానిని స్థాపించి, చిన్న రైతులకును కార్మికులకును మిల్లులలో వాటాలు కల్పించిరి. తరువాత కొన్ని విద్యుత్కేంద్రములలోను ఆ ట్రస్టునకు వాటా దక్కినది. 2021లో ప్రభుత్వము పిప్పికి ప్రతిఫలమును మరల పెంచి, టన్ను చక్కెర లెక్కమీద 3,300 మారిషస్ రూపాయలు రైతున కియ్య నిర్ణయించినది.

దీనిని కొందరు రైతునకు చేయు దానమందురు. దాన మనుట పొరపాటు. గానుగయొద్ద ఎద్దునకు గడ్డి వేయుట దానమా? అది గానుగ తిరుగుటకు మూల్యము. పొలములో మనిషి నిలిచిననే పైరు, పైరు నిలిచిననే పిప్పి, పిప్పి యున్ననే బొగ్గు లేని దీపము. రైతునకు పిప్పి పాలు సరిగా ముట్టకున్న, ఎంత గొప్ప బాయిలరు కట్టినను అది తుదకు బొగ్గునే తినును. అయితే ధర పెంచుటలో జాప్యమైనందున బీడుపడిన పొలములు ఒక్క సంవత్సరములో తిరిగి పచ్చబడవు. కొన్నిటిమీద ఇండ్లు లేచినవి. పోయిన చేతిపని తిరిగి వచ్చుట కష్టము. ఈ సంగతి మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

బొగ్గు వలదను మాట ఆ దీవి ప్రజలనుండియే వచ్చినది. అల్బియన్ అను తీరగ్రామమున కొత్తగా ఒక పెద్ద బొగ్గు విద్యుత్కేంద్రము కట్టుటకు ప్రయత్నము జరుగగా, 2013లో జెఫ్ లింగయా అను యువకుడు నిరశనవ్రతము పట్టెను. ప్రజలు కదలిరి. ఆ సంవత్సరమే ప్రభుత్వము ఒక జాతీయ ఇంధన సంఘమును నియమించినది. ఆ కేంద్రము తుదకు నిర్మింపబడలేదు.

మరియొక సంఘటన చెప్పెదను. 2020 జూలై 25వ తేదీన వకాషియో అను పెద్ద ఓడ ఆ దీవి ఆగ్నేయ తీరమున పగడపు దిబ్బనెక్కి చిక్కుకొనెను. కొలది దినములకు అది పగిలి, దానిని నడుపు చమురు ఇంచుమించు 1,000 టన్నులు సముద్రములోనికి కారెను. నీలముగా నుండు మడుగు నల్లబడెను. చేపలవారి బ్రతుకు బుగ్గియయ్యెను. అపుడు వేలకొలది జనులు ఒడ్డునకు చేరి, గుడ్డ సంచులలో ఎండిన చెరకు ఆకు కూరి, పొడుగాటి తేలుడు కట్టలు కుట్టి, చమురునకు అడ్డముగా నీటిలో వేసిరి. స్త్రీలు తమ తలవెండ్రుకలను గూడ కత్తిరించి యిచ్చిరి. ఓడ తెచ్చిన ఉపద్రవమునకు చెరకు చెత్తయే తొలి యడ్డుకట్ట యైనది. చమురుమీద ఆధారపడుట యన నేమో ఆ దీవివారు కన్నులార చూచిరి. మరుసటి సంవత్సరము, 2021లో, ప్రభుత్వము 2030నాటికి బొగ్గును మానెదమనియు, కరెంటులో 60 పాళ్లు ప్రకృతి శక్తులనుండియే పొందెదమనియు ప్రకటించినది. ప్రకటించుట సులభము, నెరవేర్చుట కష్టము. ఎందుచేతనో మిగిలిన మాటలలో తెలియగలదు.

పిప్పి చాలనిచోట ఎండను, గాలిని పట్టుకొనవలెను. ఆ పనియు వారు చేయుచున్నారు. 2010నుండి ఇంటి కప్పులమీద సౌరఫలకములు పెట్టుకొని మిగులు కరెంటును అమ్ముకొనుటకు అనుమతి నిచ్చిరి. 2014లో బాంబూ అను చోట 15 మెగావాట్ల సౌరక్షేత్రము వెలసెను. 2016లో ప్లేన్ దే రోష్ అను చోట 11 గాలిమరలు నిలిచెను. కాని ఎండ సాయంకాలమునకు పోవును, గాలి తన యిష్టము వచ్చినపుడు వీచును. దీపము పెట్టు వేళకే ఎండ లేదు. చిన్న దీవిలో మబ్బు పట్టిన ఒక్కసారిగా అంతటను పట్టును. మనవలె రాజస్థానపు ఎండను తెచ్చుకొందమన్న తీగ లేదు. అందుచేత పెద్ద బ్యాటరీల నిలువ కావలెను. బ్యాటరీయన నేమో మనకు విప్పి చెప్పనక్కరలేదు. మన యూరి పేరులోనే చెరువున్నది. వాన నాలుగు నెలలు, పైరు ఎనిమిది నెలలు, నడుమ చెరువు. అదే విధముగా ఎండ పగలు, దీపము రాత్రి, నడుమ బ్యాటరీ. చెరువు లేనిదే వాన యెంత కురిసినను వాగుపాలు.

తుపాను సంగతి యింకొకటి. మారిషస్ పాలనలోనే రోడ్రిగ్స్ అను మరియొక చిన్న దీవి గలదు. అచ్చట వేల సంఖ్యలోనే జనులున్నారు. గ్రెనేడ్ అను చోట వారు పెట్టిన గాలిమరలకు ఒక విశేషము గలదు. తుపాను వచ్చుచున్నదని తెలియగనే స్తంభమును మొదట మడిచి, రెక్కలతోకూడ నేలమీద పరుండబెట్టుదురు. తుపాను పోయిన పిమ్మట మరల నిలబెట్టుదురు. గడ్డి గాలికి వంగును, మ్రాను విరుగును అను నీతిని పిల్లలకు ఎన్నో యేండ్లు చెప్పితిని. యంత్రమునకు గూడ ఆ నీతి వర్తించునని ఈ గాలిమరలను గూర్చి చదివినపుడు తెలిసికొంటిని. చెరకును ఆ దీవులకు తగినది అందుచేతనే. 1960లో వచ్చిన ఘోరమైన తుపానులు చాల పంటను నేలమట్టము చేసెను. అయినను మొదళ్లు మిగిలి, పిలకలు వేసి, మరుసటి యేటికి తోట లేచెను.

ఇక మన యింటికి వత్తము. మనది ద్వీపము కాదు. కాని ఎండయు గాలియు మనకును కొదువ లేదు. కదిరి దాటి తూర్పునకు పోయిన నంబులపూలకుంటలో విశాలమైన సౌరక్షేత్రము గలదు. 2016నాటికి అందులో ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్లు పనిలోనికి వచ్చినవి. ఆ ఒక్క భాగమే బాంబూ సౌరక్షేత్రమునకు 16 రెట్లు. రామగిరి గుట్టలమీద 1990ల దశకమునుండి గాలిమరలు తిరుగుచున్నవి. ద్వీపవాసి మన యెండను చూచిన అసూయపడును. కాని అతని కథను విన్న మనము మూడు ప్రశ్నలను అలవరచుకొనవలెను.

ఏ యంత్రమైన మన పొలిమేరకు వచ్చునపుడు మొదట అడుగవలసినది: ఇది లేని వేళ ఏమి? ఎండ పోయిన పిమ్మట దేనితో వెలుగును, నిలువ గలదా, లేక చాటున బొగ్గు పొయ్యి మండుచునే యుండునా? ఏడు నెలల లెక్క చూపి అయిదు నెలలు దాచువాని మాట నమ్మరాదు.

రెండవది: పిప్పి పాలు ఎవరికి? భూమి యిచ్చినవాడు కౌలుతో సరిపెట్టుకొనవలెనా, లేక సంవత్సర సంవత్సరము వచ్చు లాభములో పాలు గలదా? ఆ బీటిలో గొర్రెలు మేపుకొన్నవాని పేరు ఏ కాగితములోనైన నున్నదా? మారిషస్ రైతునకు పిప్పి ధర కొంత దొరకుటకు ఎన్నో యేండ్లు పట్టినది. కాగితము వ్రాయునపుడే అడిగిన అంత కాలము పట్టదు. అడుగుటకు చదువుకొన్న పెద్దలు కావలెను. అందుకే ఈ మాటలు మీతో చెప్పుచున్నాను.

మూడవది: పొలములో మనిషి నిలుచునా? మన పైరులకును పిప్పి గలదు. వేరుసెనగ పొట్టు గలదు, పట్టుపురుగుల రైతులకు మల్బరీ కట్టె గలదు, కంది కంప గలదు. ఇవి నేడు చాలవరకు చౌకగా పోవుచున్నవి, లేదా ఊరక కాలిపోవుచున్నవి. వీనిలో శక్తి గలదు. కాని సేద్యము చేయువాడు బెంగుళూరు బస్సెక్కిన పిమ్మట పొట్టెక్కడిది, కట్టె యెక్కడిది? వానికి గిట్టుబాటు కల్పించుట ఒక్క వ్యవసాయపు ప్రశ్నయే యని మనము తలచుచున్నాము. దీపపు ప్రశ్నయు అదియే యని ఆ దూరపు దీవి మనకు చూపుచున్నది.

కోరంగి రేవున ఓడ యెక్కిన ఆ పూర్వులు చెరకు నరుకుటకు పోయిరి. తమ మునిమనుమల యింట ఆ చెరకే దీపమగునని వారు కలగనియుండరు. ఆ దీపము ఇంకను పూర్తిగా వారిది కాలేదు. సగముకంటె హెచ్చు ఓడలమీద వచ్చుచున్నది. కానిమ్ము, తమ పొయ్యికున్న అప్పెంతయో వారు లెక్క వేసికొని తెలిసికొనిరి. అప్పు తెలిసినవాడు తీర్చుటకు దారి వెదకును.

గానుగ పొయ్యియొద్ద తాత చెప్పిన మాటకు ఇప్పుడు నేనొక మాట చేర్చి ముగించెదను. పైరు మనదైతే పొయ్యికి అప్పుండదు. కాని పైరు పెట్టినవానికి అప్పు మిగిలిన, ఆ పొయ్యి ఎన్నాళ్లో మండదు. రాత్రి భోజనములైన పిమ్మట మీ రచ్చబండమీద ఈ సంగతిని మరల ఒకసారి ముచ్చటించుకొందురు గాక.

సెలవు.